ప్రకృతిని గూర్చిన రెండు కవితలు: రెండు మనోభావములు

ప్రకృతివర్ణనమును చదువునపుడు కవి చెట్టును ఎంత చక్కగా వర్ణించెనని మాత్రమే మనము సాధారణముగా విచారింతుము. ఆ చెట్టు నెదుట అతడు ఏ భావముతో నిలిచియున్నాడో అరసి చూచుట అరుదు. ఇట్టి పరిశీలనకు తగిన జంట మన భాషలోనే కలదు. మొదటిది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి ‘కృష్ణపక్షము’ (1925)లో, వనములో లీనమైపోగోరు గీతము. 1982లో వచ్చిన ‘మేఘసందేశం’ చలనచిత్రములో పి. సుశీలగారు పాడుటచే చదువురాని వారికిని అది పరిచితమయ్యెను. రెండవది జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’. అది ఘంటసాలగారి కంఠమున తెలుగునాట నింటింటికి చేరినది.

మొదటి గీతమున పలుకువాడు కవి యొక్కడే. చెట్టుచేమలు, గాలి, సెలయేరు, మబ్బు వీనిలో దేనితో కలసినను అతనికి సమ్మతమే. ఆ చోటు విడిచి రాకుండుట యొకటే అతని కోరిక. ఆకలిదప్పులును చింతలును అతనిని బాధింపవు. మాత్రాగతిలో సాగు ఆ పాట తరగవలె ఒకదానివెనుక ఒకటిగా రూపములను మార్చుకొనుచు పైపైకి పోవును. ఇందలి భావము ఉల్లాసము. తనను తాను మరచుట.

రెండవ దానిలో నడిపించువాడు కవియే యైనను, మాటలాడునవి పూవులు. పూజకై పూలు కోయబోయిన భక్తుని చేయి కొమ్మను తాకగనే అవి నోరు విప్పి తమ బ్రదుకును విన్నవించుకొనును. తల్లి యొడిలో ఊగుచు, తేనెను తుమ్మెదలకును తావిని గాలికిని పంచుచు, తుదకు తమంత తామే రాలి ఆ తల్లి పాదములు చేరుదు మనును. సూదులతో గ్రుచ్చి, ఒక్క పూట ముడిచి, మరునాడు పారవేయు మనుజుని నిలదీయును. న్యాయస్థానపు వాడుకలో చెప్పవలెనన్న ఇది ఫిర్యాదు. ముద్దాయి బదులు చెప్పలేక రిక్తహస్తములతో మరలిపోవును. ఇందలి భావము కరుణ. అందు లజ్జయు కలసియున్నది.

రెంటికిని ప్రకృతియే విషయము. ఐనను మొదటి కవితలో ప్రకృతి పలుకదు. రెండవ కవితలో మనుష్యుడు పలుకలేడు. మొదటిది “నాకిక్కడ ఎంత హాయి!” యను అనుభవము. రెండవది “నావలన వీనికి ఎంత నొప్పి?” యను ప్రశ్న. మొదటి దానిలో కాలము ఆగిపోవును. రెండవ దానిలో పూవు నాయుష్షు స్వల్పము గనుకనే మాటకు అంత తీవ్రత. ఒకడు ఈ రెంటిలో ఏది గొప్పదని అడుగవచ్చును. ప్రీతిలేని జాలి నిషేధముల పట్టికగా మిగులును. జాలిలేని ప్రీతి వినోదముగా ముగియును.

చదువరులారా, దీనిని మన కొల్లేటియొద్ద పరీక్షించి చూడుడు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల నీటిని గ్రహించి ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచు ఈ సరస్సును ఆటపాకయొద్ద నిలిచి చూచినవానికి, గూడబాతుల గుంపులు నీటిపై దిగుచుండగా మొదటి గీతము తానై స్ఫురించును. అయితే 1970వ దశకమునుండి ఇందు చేపలచెరువుల గట్లు విస్తరించెను. 1999లో ఇది అభయారణ్యముగా ప్రకటింపబడెను; 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను; 2006లో ప్రభుత్వము చెరువుల గట్లను తెగగొట్టించెను. సరస్సునకు నోరున్నచో పూవులవలెనే ఫిర్యాదు చేసియుండును.

ఇచట ఈ రెండు కవితలును చెప్పని సంగతి యొకటి కలదు. వనములో లీనమగువాడు ఆకలిని మరచినాడు; పూలు కోయబోయినవాడు దేవపూజకై వచ్చినాడేగాని కూటికై రాలేదు. కనుక వట్టిచేతులతో ఇల్లు చేరుట అతనికి సాధ్యమైనది. కొల్లేటి లంకలలోని బెస్తవాడు రిక్తహస్తములతో ఇల్లు చేరినచో పొయ్యి వెలుగదు. ఆ కారణముచే కవితలందలి కరుణ వ్యర్థమని తలపరాదు. పూవు నోట మనుజుని నిలదీసిన ఆ కరుణయే, సరస్సుపై ఆధారపడిన బీదవాని పక్షమునను అడుగవలెను. జీవనమునకై వల వేయువానిని, లాభమునకై గట్టు వేయువానిని వేరువేరుగా చూడవలెను.

విద్యార్థులు ఈ రెండింటిని ఒకే పూట, ఒకదాని వెంట నొకటిగా, బిగ్గరగా చదువుట మంచిది. పిమ్మట తమ యూరి చెరువుగట్టునకు పోయి, అచట తమకు కలిగిన సంతోషమెట్టిదో, ఆ చెరువునకు తమవలన కలిగిన హాని యేదో, దానిపై బ్రదుకువారెవ్వరో మూడు వాక్యములలో వ్రాసి చూచుకొనవలెను. మూడవ వాక్యమును వ్రాయునపుడే కలము తడబడును. అచటనే ఎక్కువ సేపు నిలిచి ఆలోచింపవలెను.