అభ్యంగనం – ఇంటిలోను, వైద్యశాలలోను

నరక చతుర్దశినాడు తలంటి పోసుకోవడంతో అభ్యంగనం తీరిపోయిందని మనలో చాలమంది భావిస్తారు. తక్కిన దినాలలో అది వైద్యశాలకు పోయి డబ్బు చెల్లించి పొందవలసిన చికిత్స అనే అభిప్రాయం నేడు ప్రబలింది. వాగ్భటుడు మాత్రం అష్టాంగహృదయంలో దీనిని దంతధావన, వ్యాయామ, స్నానాల సరసన దినచర్యాధ్యాయంలోనే చేర్చాడు. తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా పట్టించమన్నాడు. తీరిక లేని విద్యార్థికి ఈ మూడే చాలునని మా అభిప్రాయం. అయితే చెవి చుట్టూ రాయవలెనే గాని లోపల నూనె పోయరాదు.

యూనానీ వైద్యంలో మర్దనను ‘దలక్’ అంటారు. ఉర్దూ చదివే మన మిత్రులకు ఈ మాట కొత్త కాదు. ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో దాని భేదాలను వివరించాడు. మెత్తగా రుద్దిన శరీరం సడలుతుందనీ, గట్టిగా రుద్దినది బిగువెక్కుతుందనీ, అతిగా రుద్దినది చిక్కిపోతుందనీ, మితంగా రుద్దినది పుష్టి పొందుతుందనీ ఆయన మతం. రెండు వైద్యాలూ చేతి ఒత్తిడికి ఇంతటి ప్రాధాన్యమివ్వడం గమనింపదగినది.

వైద్యశాలలో జరిగేది వేరు. అక్కడ అభ్యంగనం పంచకర్మలకు పూర్వాంగం. కేరళలోని పిళిచ్చిల్‌నే తీసుకొందాం. రోగిని ద్రోణి అనే కొయ్యబల్లపై పడుకోబెట్టి, ఇరువైపులా నిలిచిన సహాయకులు గోరువెచ్చని తైలంలో ముంచిన గుడ్డలను పిండుతూ ధారగా పోస్తారు. రెండవ చేతితో రుద్దుతారు. పి. ఎస్. వారియర్ 1902లో కోట్టక్కల్‌లో స్థాపించిన ఆర్య వైద్యశాల ఇట్టి చికిత్సలకు ప్రసిద్ధి చెందింది. ఇక తైలమంటే వట్టి నూనె కాదు. మూలికల ముద్ద 1 పాలు, నూనె 4 పాళ్లు, ద్రవం 16 పాళ్లు కలిపి, తడి ఇగిరేవరకు కాచడం సాధారణ నియమం. ఇంటిలో ఇందుకు పూనుకోవడం వృథా శ్రమ.

ఇంటికి నువ్వుల నూనె చాలు. వేసవిలో కొబ్బరినూనె హాయి. గిన్నెను వేడినీటిలో నిలిపి గోరువెచ్చన చేయాలి. చేతులకు, కాళ్లకు నిడుపుగా, కీళ్ల వద్ద గుండ్రంగా రుద్దుకోవాలి. 300 మాత్రల కాలానికి నూనె వెంట్రుకల కుదుళ్లకు, 900 మాత్రలకు ఎముక మూలుగకు చేరుతుందని సుశ్రుత వ్యాఖ్యాత డల్హణుడు లెక్కకట్టాడు. మూలుగ మాట నేటి శాస్త్రం ఒప్పదు. నూనె చర్మపు పై పొరలను దాటి ఎంతో దూరం పోదు. అయినా తొందర కూడదనే హెచ్చరికగా ఆ లెక్క పనికివస్తుంది. పావుగంట ఆగి సున్నిపిండితో స్నానం చేయవచ్చును. నూనె పాదాలతో స్నానాల గదిలో అడుగుపెట్టి జారిపడిన వృద్ధులెందరో! ముందు అరికాళ్లు తుడుచుకొని, పీటపై కూర్చొనడం మేలు.

అజీర్ణంలో అభ్యంగనం వద్దని వాగ్భటుడే చెప్పాడు. జ్వరంలోను, గాయాలున్న చోటను మానవలెను. ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పెడితే అసలే రుద్దరాదు. లోపల నెత్తురు గడ్డకట్టి ఉండవచ్చును, ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

పక్షవాతం విషయంలో మన ఇండ్లలో జరిగే ఆలస్యం మరీ విచారకరం. మూతి వంకరపోయి, చేయి పడిపోయిన మనిషికి తైలం రాస్తూ గంటలు గడుపుతారు. నెత్తురు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల పడవలెను. అది ఎవరికి తగునో తలను స్కాన్ చేసిగాని వైద్యులు నిర్ణయించలేరు. కనుక తొలి క్షణంలోనే పెద్ద ఆసుపత్రికి తరలించాలి. రోగి కోలుకొని ఇంటికి వచ్చిన తరువాత, వైద్యుని అనుమతితో, వ్యాయామ చికిత్సకు తోడుగా మర్దన చేయించవచ్చును.