యాంటీబాడీ ఉంటే రక్షణ కదా, మరి హెచ్‌ఐవీలో?

తట్టు ఒకసారి వచ్చి పోతే మళ్లీ రాదని మన పెద్దవాళ్లు అంటారు. కారణం రక్తంలో మిగిలే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు. మా ఇంట్లో సగం కన్నడం కాబట్టి నాకు 'ప్రతికాయ' అనే మాటే ముందు తెలుసు. పేరు ఏదైనా పని ఒకటే. బి కణాల నుంచి పుట్టే ఈ ప్రొటీన్లు వైరస్‌కు అతుక్కుని, అది కణంలోకి పోకుండా అడ్డుకుంటాయి. మరి హెచ్‌ఐవీ పరీక్షలో యాంటీబాడీ కనిపిస్తే వైరస్ ఉందని ఎందుకంటారు?

హెచ్‌ఐవీ పైపొర చక్కెర అణువులతో కప్పి ఉంటుంది. అవి మన శరీరానివే కాబట్టి ప్రతిరక్షకాలకు పట్టు దొరకదు. పైగా వైరస్ రూపు మార్చుకుంటూనే ఉంటుంది. పాత రూపానికి ప్రతిరక్షకం తయారయ్యేలోపు కొత్త రూపం వచ్చేస్తుంది. బి కణాలకు సాయపడే సీడీ4 కణాలనే అది చంపుతుంది కూడా. అందుకే ఇక్కడ ప్రతిరక్షకం వైరస్‌ను కొంత అడ్డుకున్నా పూర్తిగా గెలవలేదు. వైరస్ వచ్చిందనడానికి సాక్ష్యంగా మాత్రం నిలుస్తుంది.

మన దేశంలో హెచ్‌ఐవీ బయటపడింది ఈ సాక్ష్యంతోనే. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ దగ్గర చదువుతున్న నిర్మల రక్త నమూనాలు సేకరించి, రైల్లో వెల్లూరు సీఎంసీకి తీసుకెళ్లారు. ఎలీసా పరీక్షలో ఆరు నమూనాల్లో యాంటీబాడీలు కనిపించాయి. మన బంగారుపేట నుంచి చెన్నై పోయే దారిలో కాట్పాడి వస్తుంది కదా, ఆ పక్కనే వెల్లూరు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. వైరస్ సోకిన వెంటనే చేయిస్తే నెగెటివ్ రావచ్చు, ప్రతిరక్షకాలు కనిపించడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. తల్లికి హెచ్‌ఐవీ ఉంటే ఆమె యాంటీబాడీలు బిడ్డలో 18 నెలల దాకా ఉండొచ్చు. అది చూసి బిడ్డకూ ఉందనుకోకూడదు, వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి.

కొద్దిమంది శరీరాల్లో మాత్రం చాలా రకాల హెచ్‌ఐవీని ఆపగల ప్రతిరక్షకాలు పుడతాయి. 2010లో ప్రకటించిన వీఆర్‌సీ01 ప్రయోగశాలలో 90 శాతం పైగా రకాలను ఆపింది. మనుషుల మీద పరీక్షిస్తే, అదొక్కటే చాలదని 2021లో తేలింది. పరిశోధన సాగుతోంది. ఈలోగా వైరస్‌ను అదుపులో ఉంచేవి రోజూ వేసుకునే ఏఆర్‌టీ మందులు. ప్రభుత్వ ఐసీటీసీల్లో పరీక్ష ఉచితం, ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు. 2017 చట్టం ప్రకారం మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

పాజిటివ్ అన్న మాట ఒక మనిషి రక్తం గురించి చెబుతుంది, నడత గురించి కాదు. క్లాసులో ఎవరైనా ఈ మాట ఎత్తితే గుసగుసలు మాని ఇదే చెబుదాం.