పొద్దుతిరుగుడు పూతలో పిల్లలకు తేనెటీగల పాఠం

నవంబరు చివర విత్తిన యాసంగి పొద్దుతిరుగుడు జనవరి నెలాఖరుకు పూతకు వస్తుంది. పరపరాగ సంపర్కం, అంటే ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పువ్వుకు చేరడం, సరిగా జరిగితేనే ఈ పంటలో గింజ బాగా కడుతుంది. ఆ పనిలో పెద్ద వాటా తేనెటీగలదే కనుక, రైతు కుటుంబంలో ఐదారేళ్లు దాటిన పిల్లలకు వాటిని పరిచయం చేయడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

పువ్వు మీద పనిలో ఉన్న ఈగ నలిపితే తప్ప సాధారణంగా కుట్టదు గానీ, పట్టు దగ్గర కాపలా ఉన్న ఈగలు అలా ఊరుకోవు. ముఖ్యంగా పెద్ద చెట్లకూ ఎత్తైన కట్టడాలకూ పట్టు పెట్టే కొండ తేనెటీగలు గుంపుగా మీద పడతాయి కాబట్టి పిల్లలను వాటి ఛాయలకు పోనివ్వకూడదు. ఈగ కుడితే కొండి చర్మంలోనే ఉండిపోయి విషాన్ని ఎక్కిస్తూనే ఉంటుంది కనుక వెంటనే గోటితో గీకి తీసివేయాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఏమాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పొద్దుతిరుగుడులో ఒక పువ్వుగా కనిపించేది నిజానికి వందల చిరుపూల గుంపు. ఇవి అంచు నుంచి నడిమికి వలయాలుగా, రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. ఒక్కో చిరుపువ్వు ముందు పుప్పొడిని వదిలి, ఆ తరువాత కీలాగ్రాన్ని, అంటే పుప్పొడిని అందుకునే చీలిన కొనను, బయటపెడుతుంది. పిల్లలు ఈగ లేనప్పుడు ఆ వలయాన్ని వేలితో మెల్లగా తాకితే పసుపు పొడి అంటుతుంది. అక్కడ తిరిగే ఈగ వెనుక కాళ్లను గమనిస్తే, పట్టులోని పిల్ల పురుగుల మేతకు మోసుకుపోయే అదే పొడి ముద్దలుగా కనిపిస్తుంది. కాస్త పెద్ద పిల్లలు ఒకే పువ్వు దగ్గర ఉదయం 7, 10 గంటలకు, మధ్యాహ్నం 1 గంటకు, చీకటిపడే ముందు ఐదేసి నిమిషాలు నిలబడి, వాలిన ఈగకు ఒక గీత చొప్పున గీస్తే, ఆ కాగితం రైతుకే ఎక్కువ పనికివస్తుంది. శనగపచ్చ పురుగు ఉద్ధృతమై పూతలో మందు కొట్టక తప్పనప్పుడు, ఈగలు పట్టు చేరాక పొద్దువాలిన వేళే పిచికారీ చేయాలన్న సిఫారసుకు కారణం ఆ గీతల్లోనే ఉంటుంది. మందు కొట్టిన చేలోకి, డబ్బాపై సూచించిన గడువు ముగిసేదాకా పిల్లలు వెళ్లరాదు. సమీపంలో తేనెపెట్టెలు ఉంటే వాటి యజమానికి ముందురోజే కబురు చేయడం రైతు ధర్మం.

మేత ఉన్న దిక్కునూ దూరాన్నీ ఈగలు పట్టు మీద చేసే నాట్యంతో తోటి ఈగలకు తెలుపుతాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ నిరూపించాడు; ఆయనకు 1973లో నోబెల్ బహుమతి లభించింది. కల్లంలో బెల్లం ముక్క దాచి, దాచిన పిల్ల నోరు విప్పకుండా నడుము ఊపుతూ నడిచి దిక్కు చూపితే, మిగిలినవారు వెతికే ఆటగా దీన్ని ఆడించవచ్చు.

ఈగలు తక్కువగా కనబడే చేలల్లో, పూత దశలో రోజు విడిచి రోజు ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య పలుచటి గుడ్డతో పూలను మెల్లగా రుద్దుతూ పోవాలన్న సిఫారసు ఉంది. ఈగ పనిని తమ చేత్తో చేసి చూసే ఈ అవకాశం పిల్లలకు తప్పక ఇవ్వాలి. వీటన్నిటిలో మేలైనది సంచి ప్రయోగం. చిరుపూలు విచ్చుకోకముందే మూడు పూలకు దోమతెర గుడ్డ సంచులు వదులుగా కట్టి, అదే సాలులో అంతే పరిమాణమున్న మరో మూడింటిని గుర్తుపెట్టి వదిలేయాలి. పూత ముగిశాక ఆరింటికీ సంచులు కట్టాలి, లేకుంటే చిలుకలు తినిపోయిన గింజలు లెక్కను తప్పిస్తాయి. కోత తరువాత పిల్లలు ఒక్కో పువ్వు గింజలు రాల్చి, గట్టివి ఒక చేటలో, తాలువి మరో చేటలో వేసి లెక్కపెడతారు. హైబ్రిడ్ రకాల్లో సొంత పుప్పొడితోనూ కొంత గింజ కడుతుంది గనుక మొదట సంచి కట్టిన పూలు పూర్తిగా తాలు పోవని, తేడా ఎంతన్నదే చూడాలని వారికి ముందుగానే చెప్పి ఉంచాలి.