కెమెరా: నాడు – నేడు

పాఠ్యభాగ ఉద్దేశం

కొత్త పరికరం రాగానే పాతదానిని పనికిరానిదిగా భావించడం నేటి కాలంలో అలవాటుగా మారింది. ఒక పరికరం ఏ పనికి తగినదో, దేనికి తగనిదో గుణదోషాలను తూచి నిర్ణయించడం వివేకం. పదిహేనేళ్ల ఎడంతో వచ్చిన రెండు కెమెరాలను పక్కపక్కన నిలిపి అటువంటి పరిశీలన దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ముఖ్యోద్దేశం.

కంటికీ చేతికీ మధ్య ఎడం

చూసిన రూపాన్ని చెరిగిపోకుండా నిలుపుకోవాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉంది. భాగవతంలోని ఉషాపరిణయ ఘట్టంలో ఉష కలలో ఒక యువకుణ్ణి చూస్తుంది. అతడెవరో తెలుసుకోవడానికి ఆమె చెలి చిత్రలేఖ ఎందరో వీరుల రూపాలను చిత్రించి చూపుతుంది. వాటిలో అనిరుద్ధుని రూపం కనిపించగానే ఉష సిగ్గుతో తల వంచుకుంటుంది. చూసిన కన్ను ఉషది, గీసిన చేయి చిత్రలేఖది. ఆ కంటికీ ఈ చేతికీ మధ్య ఉన్న ఎడాన్ని తగ్గించే ప్రయత్నమే ఛాయాచిత్రకళ చరిత్ర అని చెప్పవచ్చు.

ఫ్రాన్సు దేశీయుడైన డగేర్ రూపొందించిన పద్ధతిని 1839లో పారిస్ నగరంలో లోకానికి వెల్లడించారు. రూపాన్ని గీసే పనిని అప్పటినుంచి కాంతి తానే స్వీకరించింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజుపలకల మీద నాటి హైదరాబాదు సంస్థాన వైభవాన్ని పదిలపరచాడు. కాలక్రమంలో గాజుపలక స్థానంలో ఫిల్ము వచ్చింది. ఫిల్ము స్థానాన్ని ఆక్రమించిన సిలికాన్ ఫలకానికి బీజం 1969లో పడింది. ఆ ఏడాది అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రవేత్తలు సి.సి.డి. అనే సాధనాన్ని కనిపెట్టారు. ఈ కృషికి 2009లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి భాగం లభించింది. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ ఈ సాధనంతో ఒక డిజిటల్ కెమెరాను నిర్మించాడు. దాని చిత్రంలో ఉన్నవి పదివేల బిందువులు మాత్రమే. ఒక్క చిత్రాన్ని క్యాసెట్టు టేపు మీద నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

పోలికకు రెండు కెమెరాలు

పోలిక న్యాయంగా ఉండాలంటే పోల్చే వస్తువులు ఒకే కోవకు చెందినవై ఉండాలి. జపాను దేశపు నికాన్ సంస్థ 2004లో డి70 అనే కెమెరాను, 2019లో జెడ్50 అనే కెమెరాను విడుదల చేసింది. రెండూ అభిరుచి గలవారికీ, వృత్తిలోకి కొత్తగా అడుగుపెట్టేవారికీ అందుబాటులో ఉండేలా రూపొందించినవి. కాంతిని గ్రహించే ఫలకాన్ని సెన్సర్ అంటారు. ఈ రెండు కెమెరాలలోనూ సెన్సర్ పరిమాణం ఇంచుమించు ఒక్కటే: పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు, వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు. కాబట్టి వీటి మధ్య కనిపించే భేదాలు చాలావరకు ఆ పదిహేనేళ్ల కాలం తెచ్చిన భేదాలే.

అద్దం చేసే పని

డి70లో కటకం వెనుక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. కటకం గుండా వచ్చిన కాంతిని ఆ అద్దం పైకి మళ్లిస్తుంది. పైనున్న మరికొన్ని అద్దాలు ఆ కాంతిని ఛాయాగ్రాహకుని కంటికి చేరుస్తాయి. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. దాని వెనుక ఉన్న షట్టరు అనే తెర తెరుచుకొని కాంతి సెన్సర్‌ను తాకుతుంది. చిత్రం నమోదు కాగానే అద్దం తిరిగి దిగుతుంది. అద్దం లేచి దిగే ఆ స్వల్పకాలంలో ఛాయాగ్రాహకునికి ఏమీ కనిపించదు. అంటే తాను తీస్తున్న క్షణాన్ని అతడు చూడలేడు. దానికి ముందు క్షణాన్నీ, తరువాతి క్షణాన్నీ మాత్రమే చూస్తాడు.

జెడ్50లో అద్దం లేదు. అందుకే ఇటువంటి వాటికి మిర్రర్‌లెస్ కెమెరాలని పేరు. కాంతి నేరుగా సెన్సర్ మీద పడుతూ ఉంటుంది. సెన్సర్ చూస్తున్న దృశ్యమే కంటి దగ్గర ఉన్న చిన్న తెర మీద కనిపిస్తుంది. చిత్రం నల్లబడుతుందో, వెలిసిపోతుందో మీట నొక్కకముందే తెలుస్తుంది. పాత కెమెరాలో ఆ సంగతి చిత్రం తీసిన తరువాత గాని తెలిసేది కాదు. 1.8 అంగుళాల వెనుక తెర మీద దాన్ని చూసుకొని, కొలతలు సవరించి, మళ్లీ తీయవలసి వచ్చేది.

అద్దం తొలగడం వల్ల కెమెరా శరీరమూ పలచబడింది. పాత పద్ధతిలో కటకం అమరే అంచుకూ సెన్సర్‌కూ మధ్య 46.5 మిల్లీమీటర్ల దూరం అవసరమయ్యేది. కొత్త పద్ధతిలో అది 16 మిల్లీమీటర్లకు తగ్గింది. బ్యాటరీ లేకుండా డి70 బరువు సుమారు 595 గ్రాములు కాగా జెడ్50 బరువు సుమారు 395 గ్రాములు.

బిందువుల లెక్క

కెమెరా కొనేవారు మొదట అడిగేది ఎన్ని మెగాపిక్సెళ్లని. ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చిత్రబిందువులు. డి70 చిత్రంలో సుమారు 61 లక్షల బిందువులు, జెడ్50 చిత్రంలో సుమారు 2 కోట్ల 9 లక్షల బిందువులు ఉంటాయి. పైకి చూస్తే ఇది మూడు రెట్లకు మించిన వృద్ధి. అయితే ఈ లెక్కను జాగ్రత్తగా పరిశీలించాలి. డి70 చిత్రం పొడవున 3008 బిందువులు, జెడ్50 చిత్రం పొడవున 5568 బిందువులు ఉన్నాయి. అంటే పొడవు రెండింతలు కూడా కాలేదు. వైశాల్యాన్ని చెప్పే సంఖ్య పొడవును చెప్పే సంఖ్యకన్నా ఎప్పుడూ ఘనంగానే వినిపిస్తుంది.

అంగుళానికి 300 బిందువుల చొప్పున ముద్రిస్తే డి70 చిత్రం పది అంగుళాల పొడవు వరకు స్పష్టంగా వస్తుంది. ఇంట్లో గోడకు తగిలించే పటానికీ, పుస్తకంలోని పుటకూ అది చాలు. పెద్ద పటం కావాలన్నా, చిత్రంలోని చిన్న భాగాన్ని కత్తిరించి పెద్దది చేయాలన్నా కొత్త కెమెరా ప్రయోజనం తెలుస్తుంది.

మసక వెలుతురులో చూపు

అసలు భేదం బిందువుల సంఖ్యలో కన్నా వాటి పనితీరులో ఎక్కువగా ఉంది. డి70లోని సెన్సర్ సి.సి.డి. రకానిది. గడ్డివాము అంటుకున్నప్పుడు ఊరివారు వరుసగా నిలబడి నీటి బిందెలను చేతులు మార్చి అందించుకొన్నట్లు, ఈ సెన్సర్‌లో ప్రతి బిందువు దగ్గర పోగైన విద్యుదావేశం పక్క బిందువుకు, అక్కడినుంచి దాని పక్కదానికి సాగి చివరకు కొలిచే చోటికి చేరుతుంది. జెడ్50లోని సెన్సర్ సీమాస్ రకానిది. ఇందులో ప్రతి బిందువుకూ తన ఆవేశాన్ని అక్కడికక్కడే సంకేతంగా మార్చుకొనే ఏర్పాటు ఉంటుంది. అందువల్ల చదవడం వేగవంతమైంది. వీడియో తీయడం, సెన్సర్ మీదనే దృష్టిని కేంద్రీకరించడం సులభమయ్యాయి.

కాంతి పట్ల కెమెరా చూపే స్పందనను ఐ.ఎస్.ఓ. అనే సంఖ్యతో సూచిస్తారు. సంఖ్య రెట్టింపైతే అదే ప్రకాశం గల చిత్రానికి సగం కాంతి సరిపోతుంది. డి70లో దీని గరిష్ఠ పరిమితి 1600. జెడ్50లో సాధారణ పరిమితి 51,200. అంటే అయిదుసార్లు రెట్టింపైంది, మొత్తం మీద 32 రెట్లు. పై అంచున చిత్రం ఇసుక చల్లినట్లు గరుకుగా మారుతుందన్నది నిజమే. కాని పాత కెమెరాలో 1600 దగ్గరే ఆ గరుకుతనం బాధించేది. నేటి కెమెరాలో అదే సంఖ్య దగ్గర చిత్రం నిర్మలంగా ఉంటుంది.

ముహూర్త క్షణం

ఈ అంకెల విలువ తెలియాలంటే ఒక తెలుగు పెళ్లిని తలచుకుంటే చాలు. ముహూర్తం తరచుగా రాత్రివేళ వస్తుంది. వధూవరుల నడుమ అడ్డుతెర ఉంటుంది. మంగళవాద్యాల హోరులో ఒకరి తలపై ఒకరు జీలకర్రబెల్లం ఉంచుతారు. తెర తొలగుతుంది. ఆ తొలిచూపు ఒక్క క్షణం. ఛాయాగ్రాహకుడు తప్పిపోయాడని పురోహితుడు ముహూర్తాన్ని వెనక్కు తిప్పడు.

ఆ క్షణంలో డి70 పట్టుకొన్న వ్యక్తి ఎన్నో ముందుగా ఊహించి ఉండాలి. దృష్టిని కేంద్రీకరించడానికి దానిలో అయిదు స్థానాలే ఉన్నాయి. వధువు కన్ను వాటిలో ఒకదాని కిందికి వచ్చేలా అతడే కెమెరాను కదపాలి. సెకనుకు మూడు చిత్రాలే తీయగలడు. కాబట్టి ఏ మూడో తానే ఎంచుకోవాలి. వెలుతురు చాలక ఫ్లాష్ వెలిగిస్తే మండపంలోని దీపకాంతి అందం వెలవెలపోతుంది. జెడ్50లో 209 కేంద్రీకరణ స్థానాలున్నాయి. ముఖాన్నీ, ముఖంలోని కంటినీ కెమెరాయే గుర్తించి అనుసరిస్తుంది. గరిష్ఠంగా సెకనుకు 11 చిత్రాలు తీస్తుంది. కోరితే చప్పుడు లేకుండా పనిచేస్తుంది. పెళ్లి పనుల మీద బతికే చిన్న ఊరి ఛాయాగ్రాహకునికి ఇవి విలాసాలు కావు. ఒక్క క్షణం తప్పితే ఆ కుటుంబం నమ్మకమూ, మరో పెళ్లి పిలుపూ రెండూ పోతాయి.

పాతదానిలోని మేలు

అయినా పదిహేనేళ్ల కాలం అన్నింటినీ పెంచిందనుకోవడం పొరపాటు. కొన్నిచోట్ల పాత కెమెరాదే పైచేయి. డి70 షట్టరు సెకనులో 8000వ వంతు కాలం మాత్రమే తెరుచుకోగలదు. జెడ్50లో ఆ పరిమితి 4000వ వంతు. ఫ్లాష్‌తో కలిసి పనిచేసే వేగం డి70లో సెకనులో 500వ వంతు, జెడ్50లో 200వ వంతు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ముఖం మీది నీడను ఫ్లాష్‌తో తొలగించవలసివస్తే పాత కెమెరా ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది.

బ్యాటరీ విషయమూ అటువంటిదే. అద్దం ద్వారా చూడటానికి విద్యుత్తు అవసరం లేదు. కొత్త కెమెరాలో చూస్తున్నంతసేపూ సెన్సర్, తెర పనిచేస్తూనే ఉండాలి. ప్రమాణ పరీక్షలో జెడ్50 ఒక్క బ్యాటరీతో సుమారు 300 చిత్రాలు తీస్తుంది. రాత్రంతా సాగే పెళ్లికి అదనపు బ్యాటరీలు అత్యవసరం. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు సెన్సర్‌ను ఒక్కొక్క వరుసగా చదువుతుంది. అందువల్ల వేగంగా కదిలే వస్తువు వంకరగా పడవచ్చు. కొన్ని ఎల్.ఇ.డి. దీపాల కింద చిత్రంలో చారలు కనిపించవచ్చు.

కటకాల సంగతీ ఆలోచించదగినదే. నికాన్ పాత కటకాల అమరిక 1959 నాటిది. తగిన అడాప్టరుతో వాటిలో చాలావాటిని కొత్త కెమెరాకు తగిలించవచ్చు. అయితే కెమెరాలోని మోటారు తిప్పితేనే దృష్టి కుదిరే రకం కటకాలను కొత్త కెమెరాలో చేతితో తిప్పుకోవలసిందే. డి70లో ఆ మోటారు ఉంది. ఇంట్లో అటువంటి కటకాలున్నవారికి పాత కెమెరా నేటికీ ఉపకరిస్తుంది.

ఎంపికలో వివేకం

జీవనోపాధికి రాత్రిపూట వేడుకలను చిత్రించేవారికి, వీడియో కావలసినవారికి మిర్రర్‌లెస్ కెమెరా తగినది. డి70లో వీడియో సదుపాయమే లేదు. పగటి వెలుగులో ప్రకృతిని, మనుషులను చిత్రిస్తూ ఈ కళను నేర్చుకోదలచిన విద్యార్థికి, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు, బాగా పనిచేస్తున్న పాత కెమెరా మంచి గురువు. అది ఫలితాన్ని ముందుగా చూపించదు. కాబట్టి వెలుతురు ఎటునుంచి వస్తున్నదో, ఎంత ఉన్నదో గమనించడం అలవాటవుతుంది. వరుసగా పదకొండు చిత్రాలు తీయదు. కాబట్టి ఏ క్షణం ముఖ్యమో ఎంచుకోవడం అలవాటవుతుంది.

అద్దం తొలగడంతో కంటికీ చిత్రానికీ మధ్య ఎడం మరింత తగ్గింది. వెలుతురును కొలవడం, కంటిని గుర్తించడం వంటి భారాలను యంత్రం తలకెత్తుకొంది. అయితే మండపంలో ఎక్కడ నిలబడాలో, వధూవరులను చిత్రించాలో, మూలన నిలబడి కళ్లు తుడుచుకుంటున్న తల్లిని చిత్రించాలో ఏ కెమెరా చెప్పదు. ఆ నిర్ణయం 2004లోనూ ఛాయాగ్రాహకునిదే, 2019లోనూ అతనిదే. దాన్ని నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్న కెమెరాతోనే ఆరంభించవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

ఎడం = దూరం
ఛాయాగ్రాహకుడు = ఫోటోలు తీసేవాడు
పదిలపరచు = భద్రంగా నిలుపు
కోవ = తరగతి, వర్గం
కటకం = కెమెరాలోని లెన్సు
విద్యుదావేశం = విద్యుత్తు నిండిన స్థితి
నిర్మలం = మలినం లేనిది
వెసులుబాటు = సౌకర్యం, వీలు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. డి70, జెడ్50 కెమెరాలలోని గుణదోషాలను పాఠం ఆధారంగా తులనాత్మకంగా వివరించండి.
2. ‘కొత్త పరికరం అన్నింటా మేలైనది కాదు’ – ఈ అభిప్రాయాన్ని సమర్థిస్తూ రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అద్దం ఉన్న కెమెరాలో చిత్రం నమోదయ్యే క్రమాన్ని తెలపండి.
2. మెగాపిక్సెళ్ల లెక్కను జాగ్రత్తగా ఎందుకు పరిశీలించాలి?
3. సి.సి.డి. పనితీరును రచయిత దేనితో పోల్చాడు? ఆ పోలిక ఎంతవరకు తగినది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. డగేర్ పద్ధతిని లోకానికి వెల్లడించిన సంవత్సరం ఏది?
2. ఉష కలలో చూసిన యువకుడు ఎవరు?
3. మిర్రర్‌లెస్ కెమెరాలకు ఆ పేరు ఎందుకు వచ్చింది?

IV. భాషాంశాలు
సంధులు:
ముఖ్యోద్దేశం = ముఖ్య + ఉద్దేశం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
అతడెవరో = అతడు + ఎవరో – ఉకారసంధి

సమాసాలు:
వధూవరులు – వధువును, వరుడును – ద్వంద్వ సమాసం
గాజుపలక – గాజుతో చేసిన పలక – తృతీయా తత్పురుష సమాసం
దీపకాంతి – దీపం యొక్క కాంతి – షష్ఠీ తత్పురుష సమాసం

V. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో ఉన్న ఒక పాత పరికరాన్నీ, అదే పనికి నేడు వాడుతున్న కొత్త పరికరాన్నీ పరిశీలించి, రెండింటి గుణదోషాలను ఒక పుటకు మించకుండా రాయండి.