ఇంటర్వ్యూలో నావ్‌బార్ గండం

ఫ్రంటెండ్ ఉద్యోగానికి వచ్చిన కుర్రాడి రెజ్యూమెలో రియాక్ట్ ఉంది, నోడ్ ఉంది, మాంగోడీబీ ఉంది, వాటి కింద మూడు ప్రాజెక్టులున్నాయి. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ‘ఎడమ పక్క లోగో, కుడి పక్క నాలుగు లింకులు. ఫోన్‌లో చూస్తే లింకులు లోగో కిందికి దిగాలి. ఇరవై నిమిషాలు’ అన్నాను. ఐదు నిమిషాల్లో లోగో ఎడమకు, లింకులు కుడికి చేరాయి. జస్టిఫై-కంటెంట్‌కు స్పేస్-బిట్వీన్ పెట్టాడు, అలైన్-ఐటమ్స్‌కు సెంటర్ పెట్టాడు. బాగుంది. బ్రౌజర్‌ను 360 పిక్సెళ్లకు కుదించమన్నాను. లింకులు తెర దాటి బయటికి పోయాయి, అడుగున అడ్డంగా జరిపే స్క్రోల్ పట్టీ ప్రత్యక్షమైంది. మిగతా పదిహేను నిమిషాలూ ఒక ప్రాపర్టీ రాయడం, చెరపడం, ఇంకోటి రాయడం. చివరికి, ‘సార్, మా ప్రాజెక్టులో ఇదంతా బూట్‌స్ట్రాప్ చూసుకునేది’ అన్నాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ బూట్‌స్ట్రాప్ కూడా 2018 జనవరిలో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి లోపల ఫ్లెక్స్‌బాక్స్ అనే సీఎస్ఎస్ అమరిక పద్ధతి మీదే నడుస్తోంది. టెయిల్‌విండ్‌లో క్లాసుల పేర్లు మారతాయి, వాటి వెనకున్న ప్రాపర్టీలు ఇవే. పైపూత నేర్చుకుని గోడ సంగతి వదిలేసినవాళ్లకు ఇంటర్వ్యూలో చెమటలు పట్టేది ఇక్కడే. ఫ్రెషర్లను రియాక్ట్ హుక్స్ గురించి అడిగితే గడగడా చెబుతారు. పెట్టెలు సర్దమంటే తడబడతారు.

ఈ ఇబ్బందికి చిన్న చరిత్ర ఉంది. 1996 డిసెంబరులో సీఎస్ఎస్ తొలి ప్రమాణం వచ్చినప్పుడు పేజీ మొత్తాన్ని అమర్చే పద్ధతంటూ అందులో లేదు. బొమ్మ చుట్టూ అక్షరాలు పారడానికి పెట్టిన ఫ్లోట్‌నే జనం కాలమ్‌లకు వాడుకున్నారు, అంతకు ముందు టేబుళ్లను వాడినట్టే. ఫోన్లు వచ్చాక ఆ అతుకులు ఊడిపోయాయి. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అన్న పేరు పెట్టి, తెరను బట్టి సాగే గ్రిడ్, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు ఈ మూడూ కలిస్తే ఒకే పేజీ అన్ని తెరలకూ సరిపోతుందని రాశాడు. ఫ్లెక్స్‌బాక్స్ తొలి ముసాయిదా అప్పటికే 2009లో వచ్చింది, మధ్యలో రెండుసార్లు రాత మారి 2012లో ఇప్పటి రూపానికి వచ్చింది. కాబట్టి మీరు చదివే పాఠంలో ‘డిస్‌ప్లే: బాక్స్’ అని కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. అది పాత కాలపు రాత.

పంపకం లెక్క

ఫ్లెక్స్‌బాక్స్ అంటే చాలామందికి పెట్టెను మధ్యకు తెచ్చే చిట్కా. అసలు విషయం అది కాదు, ఖాళీ జాగాను ఎవరికెంత పంచాలన్నది. ఆస్తి పంపకం చూసిన తెలుగువాళ్లకు ఇది తేలిగ్గానే ఎక్కాలి.

కంటెయినర్ వెడల్పు 1000 పిక్సెళ్లు అనుకోండి. లోపల మూడు పెట్టెలు. ఒక్కోదానికి ముందే రాసిపెట్టిన వాటా ఫ్లెక్స్-బేసిస్: 200, 200, 300. మొత్తం 700 పోగా 300 మిగిలింది. ఏమీ చెప్పకపోతే ఫ్లెక్స్-గ్రో విలువ సున్నా, మిగులు బీడుభూమిలా పడి ఉంటుంది. మూడింటికీ ఫ్లెక్స్-గ్రో 1 ఇస్తే తలా వంద వస్తుంది. అప్పుడు పెట్టెలు 300, 300, 400 అవుతాయి. మూడూ సమానం కావేమిటని ఇక్కడే సందేహం వస్తుంది. సమానంగా పంచింది మిగులును, మొత్తం ఆస్తిని కాదు. మూడూ సమానంగా రావాలంటే ముందస్తు వాటాలను సున్నా చేయాలి. ‘ఫ్లెక్స్: 1’ అని పొట్టిగా రాస్తే జరిగేది అదే, బేసిస్ సున్నా అవుతుంది, ఒక్కోదానికి 333 చొప్పున వస్తుంది. ‘ఫ్లెక్స్: ఆటో’ రాస్తే పెట్టెలు తమ విడ్త్‌నే, అది లేకపోతే లోపలి సరుకు వెడల్పునే బేసిస్‌గా తీసుకుని మిగులు మాత్రమే పంచుకుంటాయి. ఈ రెంటికీ తేడా ఏమిటన్నది ఇంటర్వ్యూల్లో నేను మొదట అడిగే ప్రశ్న. జవాబు చెప్పలేకపోయినా ఫర్వాలేదు, కాగితం మీద లెక్క వేసి చూపించినవాళ్లకు నా మార్కులు పడతాయి.

అప్పుల పంపకం ఇంకాస్త న్యాయంగా ఉంటుంది. కంటెయినర్ 600 పిక్సెళ్లే ఉంది, లోపలి రెండు పెట్టెలు 300, 600 అడుగుతున్నాయి. 300 తక్కువ పడింది. ఫ్లెక్స్-ష్రింక్ రెంటికీ 1 ఉన్నా చెరో 150 కోత పడదు. ఆస్తి ఎక్కువున్నవాడు అప్పు ఎక్కువ మోయాలి: చిన్నది 100 తగ్గి 200 అవుతుంది, పెద్దది 200 తగ్గి 400 అవుతుంది.

మరి ఇంత న్యాయం ఉండగా ఆ కుర్రాడి లింకులు తెర బయటికి ఎందుకు పోయాయి? రెండు కారణాలు. ఫ్లెక్స్-ర్యాప్ చెప్పకపోతే పెట్టెలన్నీ ఒకే వరసలో ఇరుక్కుంటాయి, రెండో వరసకు దిగవు. ఇరుక్కున్నా కొంతవరకే తగ్గుతాయి, ఎందుకంటే ఫ్లెక్స్ పెట్టెకు కనిష్ఠ వెడల్పు మామూలుగా ‘ఆటో’. లోపలున్న అతి పొడవైన మాట పట్టేంత జాగా కన్నా అది కిందికి దిగదు. ఎంత అప్పున్నా ఉన్న ఇల్లు అమ్మనని మొండికేసినట్టు.

తెలుగు మాటల దగ్గర

ఈ మొండితనం తెలుగు పేజీల్లో ఎక్కువ కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో మూడు మాటలుగా విడిపోయి మూడు వరసల్లో సర్దుకునేది మన దగ్గర ‘దరఖాస్తుదారులందరికీ’ అని ఒకే ముక్క. బ్రౌజర్ దాన్ని మధ్యలో విరవదు. పక్కపక్కన రెండు కార్డులుండి, ఒక దాని శీర్షికలో ఇలాంటి మాట పడితే ఆ కార్డు ఉబ్బి రెండోదాన్ని నెట్టేస్తుంది. ఇంగ్లిష్‌లో ముచ్చటగా ఉన్న డిజైన్‌ను తెలుగులోకి మార్చగానే ఎందుకు చెదిరిపోయిందో తెలియక టీములు తలపట్టుకోవడం చూశాను. నా మొదటి ఉద్యోగంలో నేనూ ఒక రాత్రంతా పట్టుకున్నాను.

మందు చిన్నది. ఆ పెట్టెకు మిన్-విడ్త్ సున్నా ఇవ్వాలి, అప్పుడు కుంచించుకోవడానికి ఒప్పుకుంటుంది. కుంచించుకున్నాక మాట పెట్టె దాటి బయటికి కారకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కు ‘ఎనీవేర్’ రాయాలి. ‘బ్రేక్-వర్డ్’ రాస్తే మాట విరుగుతుంది గానీ కనిష్ఠ వెడల్పు లెక్కలో ఆ విరుపును బ్రౌజర్ పట్టించుకోదు. ‘ఎనీవేర్’ను పట్టించుకుంటుంది. అయినా మాటను ఎక్కడపడితే అక్కడ విరవడం తెలుగు పాఠకుడికి కంటగింపే. అంతకన్నా కార్డులను ముందే కిందికి దించేయడం మర్యాద.

ఎత్తు విషయంలోనూ అంతే. బటన్‌కు 32 పిక్సెళ్ల ఎత్తు ఖాయం చేసి, బయటికి వచ్చింది దాచేయమని రాస్తే ఇంగ్లిష్ అక్షరాలకు ఏమీ కాదు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో వత్తు తెగిపోతుంది. ఎత్తు ఖాయం చేయకుండా పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి, మిన్-హైట్ పెట్టండి, లైన్-హైట్ 1.6 దాకా ఉంచండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు మూడింటిలో పెట్టి చూస్తే ఒక్కోదాని వత్తుల లోతు ఎంతో తెలుస్తుంది. ప్రభుత్వ సేవలు, బ్యాంకులు, వార్తలు, చదువుల యాప్‌లు తెలుగులోకి వస్తున్న కాలంలో ఈ బాధలు తెలిసిన ఫ్రంటెండ్ మనిషి దొరకడం అంత తేలిక కాదు. తెలుగు చదవడం వచ్చిన మీకు ఇది చేతిలో ఉన్న పని.

టిఫిన్ సెంటర్ ప్రాజెక్టు

రెజ్యూమెలో టూడూ లిస్టు, వెదర్ యాప్, కాలిక్యులేటర్ చూసి చూసి ఇంటర్వ్యూ చేసేవాళ్లకు విసుగొచ్చింది. మీ వీధి చివరి టిఫిన్ సెంటర్‌కు తెలుగులో ఒక పేజీ కట్టండి. ఇడ్లీ, వడ, దోసె, పూరీ, ఉప్మా, పెసరట్టు, బజ్జీ, మొత్తం ఏడు కార్డులు. ప్రతి కార్డులో బొమ్మ, పేరు, ధర, చిన్న వివరణ, కింద ‘ఆర్డర్’ బటన్. పేరు పక్కనే ధర కుడి చివరకు పోవాలంటే ధరకు మార్జిన్-లెఫ్ట్ ఆటో చాలు, మిగులు జాగా అంతా అక్కడికి చేరుతుంది. పెసరట్టు వివరణ మూడు వరసలు, ఇడ్లీది ఒక వరస అయినా బటన్లన్నీ ఒకే గీత మీద ఉండాలంటే? కార్డును నిలువు ఫ్లెక్స్ చేసి బటన్‌కు మార్జిన్-టాప్ ఆటో ఇవ్వాలి.

కార్డులకు ‘ఫ్లెక్స్: 1 1 240 పిక్సెళ్లు’, కంటెయినర్‌కు ర్యాప్, గ్యాప్ 16, పేజీకి రెండు పక్కలా 16 చొప్పున అంచు ఇవ్వండి. ఇప్పుడు లెక్క చూడండి. 360 పిక్సెళ్ల ఫోన్‌లో అంచులు పోను 328 మిగులుతాయి, వరసకు ఒక్క కార్డే పడుతుంది. 768 ట్యాబ్‌లో మిగిలేది 736. మూడు కార్డులు పట్టాలంటే గ్యాపులతో 752 కావాలి, కాబట్టి రెండే పడతాయి, ఒక్కోటి 360కి సాగుతుంది. 1024 తెరలో మూడు పడతాయి, ఒక్కోటి 320. ఒక్క మీడియా క్వెరీ కూడా రాయలేదు, చూశారా?

ఒక చిక్కుంది. మూడేసి చొప్పున రెండు వరసలు పోగా ఏడోదైన బజ్జీ చివరి వరసలో ఒంటరిగా మిగులుతుంది, పైగా జాగా అంతా తనదే కాబట్టి పెళ్లి విస్తరిలా 992 పిక్సెళ్లకు పరుచుకుంటుంది. ఫ్లెక్స్‌బాక్స్ ఏ వరసకా వరసే లెక్క చూసుకుంటుంది, పై వరసలో ఏముందో దానికి పట్టదు. అడ్డమూ నిలువూ రెండూ పట్టించుకునే గ్రిడ్ 2017 మార్చి నుంచి బ్రౌజర్లలో ఉంది. ఈ కార్డుల చోట దాన్నే వాడాలి. నావ్‌బార్, బటన్ల వరస, ఫారంలో లేబుల్ పక్కన బాక్సు, కార్డు లోపలి అమరిక ఇవన్నీ ఫ్లెక్స్‌బాక్స్ పనులు. మొదట ఫ్లెక్స్‌తో కట్టి, బజ్జీ దగ్గర ఇబ్బంది చూసి, గ్రిడ్‌కు ఎందుకు మారారో రీడ్‌మీలో నాలుగు వాక్యాలు రాయండి. ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి అరగంట సరుకు దొరికినట్టే.

ఆర్డర్ అనే ప్రాపర్టీ జోలికి మాత్రం తొందరపడి పోకండి. అది కంటికి కనిపించే వరస మారుస్తుంది గానీ కీబోర్డులో ట్యాబ్ నొక్కితే వెళ్లే వరస హెచ్‌టీఎంఎల్‌లో రాసిన వరసే. స్క్రీన్ రీడర్‌తో వినే చూపులేని పాఠకుడికి పేజీ తలకిందులవుతుంది. హెచ్‌టీఎంఎల్ తలకాయలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ రాయడం మర్చిపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీని 980 పిక్సెళ్ల తెర అనుకుని చీమల్లాంటి అక్షరాలు చూపిస్తుంది. అప్పుడు ఎంత ఫ్లెక్స్ రాసినా దండగ.

నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ అనే ఆటలో 24 మెట్లున్నాయి, కప్పలను తామరాకుల మీద కూర్చోబెట్టాలి. ఒక సాయంత్రంలో అయిపోతుంది. అయితే అందులో ఉన్నది అమరికే, పంపకం లెక్క లేదు. దానికి ఎండీఎన్ సైట్‌లోని పాఠాలు చదవండి, ఫ్రీకోడ్‌క్యాంప్‌లో రెస్పాన్సివ్ డిజైన్ కోర్సు ఉచితంగా చేయండి. క్రోమ్‌లోగానీ ఫైర్‌ఫాక్స్‌లోగానీ డెవ్‌టూల్స్ తెరిస్తే ఫ్లెక్స్ కంటెయినర్ పక్కన చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఏ పెట్టె ఎంత ఆక్రమించిందో గీతలతో కనిపిస్తుంది. కోర్సులో చేరాలనుకుంటే, అది అమీర్‌పేటలోనైనా ఆన్‌లైన్‌లోనైనా, సీఎస్ఎస్‌కు ఎన్ని రోజులు కేటాయించారో ముందే అడగండి. రెండు రోజులన్న సమాధానం వస్తే ఆ ఫీజు మీద నాకు అనుమానమే.

‘ఏఐ రాసిపెడుతుంది కదా సార్’ అనే మాట ఈ మధ్య తరచూ వింటున్నాను. రాసిపెడుతుంది. కార్డు ఉబ్బితే అది ఎందుకు ఉబ్బిందో చూసి మిన్-విడ్త్ దగ్గరికి వెళ్లాల్సింది మీరు. జీతం ఆ చూపుకే.

ఈ లెక్క ఒక్క వెబ్‌కే పనికొస్తుందనుకోకండి. రియాక్ట్ నేటివ్‌లో మొబైల్ యాప్ తెరలన్నీ ఫ్లెక్స్‌బాక్స్‌తోనే కడతారు, కాకపోతే అక్కడ పెట్టెలు మామూలుగా నిలువు వరసలో పేరుకుంటాయి. ఫ్లటర్‌లో రో, కాలమ్, ఎక్స్‌పాండెడ్ అనేవి ఇదే కుటుంబం. ఫిగ్మాలో ఆటో లేఅవుట్ వాడే డిజైనర్లు తెలియకుండా ఇదే చేస్తున్నారు, అందుకే యూఐ డిజైన్ నుంచి యూఐ డెవలపర్‌గా మారాలనుకునేవాళ్లకు దారి అక్కడే ఉంది. ఈమెయిల్ టెంప్లేట్ల పని మాత్రం వేరే లోకం. విండోస్ పాత అవుట్‌లుక్ మెయిల్‌ను చూపించేది వర్డ్ ఇంజిన్‌తో, అక్కడ ఇప్పటికీ టేబుళ్లే గతి.

పేజీ అయ్యాక గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టి, రెజ్యూమెలో స్క్రీన్‌షాట్ బదులు లింకు ఇవ్వండి. హెచ్‌ఆర్ దాన్ని మొదట తెరిచేది ఏ క్యాబ్‌లోనో తన ఫోన్‌లోనే కావచ్చు. కాబట్టి పంపే ముందు డెవ్‌టూల్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ కలిపి నొక్కి తెరను 320 పిక్సెళ్లకు తెచ్చి చూడండి. అడ్డంగా స్క్రోల్ పట్టీ కనిపిస్తే, ఆ రోజుకు అప్లికేషన్ పంపడం ఆపి దాని సంగతి చూడండి.