నీళ్ళ ఎత్తు చెప్పే డబ్బా

2021 నవంబరు నెల. చిత్తూరు జిల్లాలో వానలు ఆగలేదు. స్వర్ణముఖి పొంగింది. తిరుపతి వీధుల్లో నీళ్ళు పారాయి.

19వ తేదీ పొద్దున అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. అది అప్పటి కడప జిల్లాలో, రాజంపేట దగ్గర చెయ్యేరు మీద ఉండేది. నీళ్ళు మట్టికట్ట మీద నుంచి పొర్లి, కట్టను కోసేశాయి. చాలామంది చనిపోయారు.

రెండు రోజులకు రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు ఊరడం మొదలైంది. కింద ఉన్న ఊళ్ళను ఖాళీ చేయించారు. పిల్లల్ని, పశువుల్ని తోలుకొని జనం మెరకకు పోయారు. ఇసుక మూటలు వేశారు. కట్ట నిలిచింది.

అలాంటి రాత్రుల్లో అందరూ అడిగేది ఒకటే మాట. "నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?"

ఎవరు చెప్పాలి? చెరువుకు నీరుగంటి ఉంటాడు. లాంతరు పట్టుకొని కట్ట మీద నడిచి తూము దగ్గరి కొలతగీతలు చూస్తాడు. కానీ జోరువానలో, చీకట్లో గీతలు కనపడతాయా? అందుకే ఇప్పుడు డ్యాములకు, పెద్ద చెరువులకు నీటిమట్టం చెప్పే సెన్సార్లు పెడుతున్నారు.

సెన్సార్ అంటే ఏమిటి? బావిలోకి తొంగి కేక వేస్తే ఆ కేక తిరిగి వస్తుంది. బావి లోతైతే ఆలస్యంగా వస్తుంది. ఈ డబ్బా కూడా అంతే. కేకకు బదులు కంటికి కనపడని రేడియో అలను నీళ్ళ మీదికి వదులుతుంది. అది నీళ్ళకు తగిలి తిరిగి వస్తుంది. పట్టిన కాలాన్ని బట్టి నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో డబ్బా లెక్క కడుతుంది. దీన్ని రాడార్ సెన్సార్ అంటారు. నీళ్ళలో మునిగి ఉండి, పైనున్న నీటి బరువును బట్టి లోతు చెప్పే రకం ఇంకొకటి ఉంది. దానికి బురద పడితే కష్టం.

ఒక ఊరి చెరువుకు ఇలాంటి డబ్బా పెట్టేందుకు ఇంజినీరు వచ్చాడనుకుందాం. చెరువులో నిట్టనిలువుగా కాంక్రీటు తూము గోపురం ఉంది. దాని గోడ సగంలో సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. కట్ట మీద కూర్చున్న నీరుగంటి తాత నవ్వాడు.

"సారూ, ఆడ పెడితే మునిగిపోతాది."

"ఎట్లా తాతా?"

తాత గోపురం మీద మట్టిమరకను చూపించాడు. 2021లో నీళ్ళు అంతదాకా వచ్చాయట. ఇంజినీరు గుర్తు చెరిపి, మరకకు బాగా పైన పెట్టాడు. వరదను చూసిన మనిషి పక్కన లేకుండా ఏ కొలతా సరిగా కుదరదు మరి.

తర్వాత పని మొదలైంది. డబ్బాను గోడకు ఆనించి పెట్టకూడదు. టార్చిలైటు వెలుగులాగా అల కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఆ డబ్బా అల 10 మీటర్లు దిగేసరికి సుమారు 1 మీటరు 75 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. గోడకు తగిలితే తప్పు లెక్క చెబుతుంది. అందుకని గోడ నుంచి ఒక మీటరుకు పైగా బయటికి వచ్చేలా ఇనుప చెయ్యి బిగించారు.

బిగించడంలోనూ జాగ్రత్త ఉంది. పగుళ్ళున్న చోట, అంచు దగ్గర కాంక్రీటును తొలవకూడదు. పెచ్చు ఊడుతుంది. లోపలి కమ్మీ తెగకూడదు. తొలిచిన రంధ్రంలో దుమ్ము ఉంటే బోల్టుకు పట్టు దొరకదు. ఊది, బ్రష్షుతో తుడిచాకే బోల్టు దించారు. తుప్పు పట్టని బోల్టులే వాడారు. డబ్బా నేరుగా కిందికి చూస్తున్నదా లేదా అని రసమట్టం పెట్టి చూశారు. పక్కనే సోలార్ పలక, బ్యాటరీ, ఫోన్ సిమ్ము. పిడుగు పడితే కరెంటు భూమిలోకి పోయేలా తీగ కూడా.

అంతా అయింది. డబ్బా 3 మీటర్ల 5 సెంటీమీటర్లు అంది. గోడ మీద గీత చూస్తే సరిగ్గా 3 మీటర్లు. తాత ముఖం వెలిగిపోయింది.

తప్పు ఎక్కడ? డబ్బా ముఖం నుంచి కొలవాల్సిన ఎత్తును ఇనుప చెయ్యి పైభాగం నుంచి కొలిచారు. అక్కడే 5 సెంటీమీటర్లు ఎక్కువ పడింది. మళ్ళీ టేపు వదిలారు. తూము గడప నుంచి డబ్బా ముఖానికి సరిగ్గా 10 మీటర్లు. అది సరిచేస్తే డబ్బా, గీత ఒకటే మాట చెప్పాయి.

గీతలను మాత్రం చెరపలేదు. బ్యాటరీ అయిపోవచ్చు. సిగ్నల్ పోవచ్చు. డబ్బా కింద సాలీడు గూడు కట్టినా లెక్క చెడుతుంది. నెలకొకసారి తుడిచి, గీతతో పోల్చి, పుస్తకంలో రాసే పని తాతకే అప్పజెప్పారు. తాత చదువు రాత్రిబడిలో నేర్చుకున్నదే. అంకెలు పెద్దవిగా రాస్తాడు.

లెక్క ఇలా చేయాలి. డబ్బా ఎత్తులో నుంచి, నీళ్ళకు డబ్బాకు మధ్య దూరాన్ని తీసేయాలి. మిగిలిందే నీటి లోతు.

మీరు చేయండి: డబ్బా ఎత్తు 10 మీటర్లు. సాయంత్రం దూరం 4 మీటర్ల 20 సెంటీమీటర్లు. తెల్లారేసరికి దూరం 3 మీటర్ల 50 సెంటీమీటర్లు. లోతు 6 మీటర్ల 20 సెంటీమీటర్లు దాటితే చెరువు మరవ పోతుంది. రాత్రిలో నీళ్ళు ఎంత పెరిగాయి? తెల్లారి మరవ పోతోందా? పోతే మరవ మట్టం కన్నా నీళ్ళు ఎంత పైన ఉన్నాయి?