ప్రసూతి సెలవు: కబురు వేరు, పని వేరు

దాదర్, నాయ్‌గావ్, వర్లీ చాళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం ముంబయి బట్టల మిల్లులను నమ్ముకొని వచ్చినవే. ప్రసూతి సెలవు చట్టంగా రూపుదిద్దుకొన్నది కూడా ఆ మిల్లుల నగరంలోనే. 1928లో బొంబాయి శాసన మండలిలో డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ ప్రసూతి బిల్లును సమర్థించారు. 1929లో చట్టం వచ్చింది. 1961లో కేంద్ర చట్టం ఏర్పడింది. 2017 సవరణ 12 వారాల సెలవును 26 వారాలకు పెంచింది. అంత కాలం దూరంగా ఉండే ఉద్యోగినికీ కార్యాలయానికీ మధ్య సంబంధం ఎంతవరకు ఉండాలన్నదే నేటి ప్రశ్న.

చట్టం విధించిన హద్దు

కాన్పుకు ముందరి 12 నెలలలో కనీసం 80 రోజులు పని చేసిన ఉద్యోగినికి 26 వారాల సెలవు లభిస్తుంది. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి తీసుకొనరాదు. అప్పటికే ఇద్దరు బిడ్డలు ఉన్నవారికి 12 వారాలు. కాన్పు తరువాత 6 వారాలు ఆమెచేత పని చేయించడం నిషిద్ధం. మిగిలిన సెలవులోనూ జీతానికి పని చేస్తే ఆ కాలానికి ప్రసూతి భత్యం పోతుంది. బ్రిటన్‌లో ఉభయుల సమ్మతితో 10 రోజుల వరకు పని చేసినా సెలవుకు భంగం లేదు. మన చట్టంలో అటువంటి ఏర్పాటు లేదు. కనుక పదోన్నతి ప్రకటననో, కార్యాలయం మారిన సంగతినో తెలియజేయడం కబురు. “పది నిమిషాలే” అంటూ లెక్కలు సరిచూడమనడం పని.

సెలవుకు ముందు

ఉద్యోగిని సెలవు ప్రారంభ తేదీని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. భత్యం తన తరఫున ఎవరు స్వీకరించవచ్చునో కూడా అందులో పేర్కొనవచ్చు. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లడం మనలో ఆచారం. ఆమె కరీంనగర్‌లోనో నల్గొండలోనో ఉండగా ముంబయి చాల్ చిరునామాకు వచ్చిన ఉత్తరం చేతికందదు. అందుచేత పుట్టింటి చిరునామా, ఫోను నంబరు ఇవ్వడం మేలు. ఎవరు, ఏ వేళ, ఏ విషయాలపై మాట్లాడాలో ముందే నిర్ణయించుకొని కాగితంపై పెట్టుకోవాలి. తరువాత అభిప్రాయం మారితే ఆ మాట చెప్పే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి.

పై అధికారి బాధ్యత

బాలింతను ఇబ్బంది పెట్టరాదని పూర్తిగా మౌనం వహించడమూ పొరపాటే; దరఖాస్తు గడువు ఆమెకు తెలియకుండానే దాటిపోవచ్చు. ఇతర ఉద్యోగులకు తెలిపే ముఖ్య విషయాలన్నీ ఆమెకూ తెలపాలి. ఆమె వెంటనే బదులీయకపోతే దానిని పనిపట్ల అశ్రద్ధగా భావించరాదు. ప్రసూతి సెలవులో ఉన్న కారణంగా తొలగించడం, ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చడం చట్టవిరుద్ధం.

తిరిగి చేరే వేళ

చేరడానికి కొన్ని వారాల ముందు ఇరువురూ మాట్లాడుకోవాలి. పని స్వభావం అనుమతిస్తే, ఉభయుల అంగీకారంతో ఇంటి నుండి పని చేయవచ్చు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు 4 సార్లు బిడ్డను చూడవచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలు ఆమె హక్కు.

అభ్యాసం: ఇవి కబురా, పనా?

1. కొత్త జీతాల పట్టిక పంపడం.
2. పాత బిల్లు ఫొటో పంపి తప్పులు దిద్దమనడం.
3. శిక్షణ తరగతుల తేదీలు తెలపడం.

మొదటిది, మూడవది కబురు. రెండవది పని, దానిని సెలవులో లేని ఉద్యోగికి అప్పగించాలి.